మునిగినవాడికి అప్పిచ్చి దాన్ని సాయం అంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

వాతావరణ మార్పుల వల్ల నష్టపోయే పేద దేశాల నిధి గురించి అప్పుడప్పుడూ పేపర్లో ఒక చిన్న వార్త వస్తుంటుంది. ఫలానా దేశం ఇన్ని కోట్ల డాలర్లు ఇస్తానంది అని ఒక అంకెతో ముగుస్తుంది. ఆ డబ్బు ఊరికే ఇస్తున్నదా, అప్పుగా ఇస్తున్నదా అన్నది మాత్రం అందులో ఉండదు. నాకు అదే అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు మా కొబ్బరి తోట తెల్లారేసరికి నేలమీద ఉంది. మళ్లీ మొక్కలు పెట్టడానికి నాన్న అప్పు చేశారు. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది, వడ్డీ అన్నాళ్లు ఆగదు కదా. ఆ రాత్రి గాలి కొన్ని గంటల్లో పోయింది గానీ అప్పు మాత్రం నేను పెద్దయి ఉద్యోగంలో చేరేదాకా మా ఇంట్లోనే ఉంది, అమ్మ గాజులు కూడా దానికే పోయాయి. ఆ తుపానును వాతావరణ మార్పు ఖాతాలో వేయడానికి ఇది చెప్పడం లేదు. పోగొట్టుకున్నవాడికి అప్పిస్తే ఏమవుతుందో చూసినవాడిగా చెప్తున్నాను.

ఇప్పుడు పాకిస్తాన్ సంగతి చూడండి. 2022 వరదల్లో అక్కడ 1,700 మందికి పైగా చనిపోయారు, 3 కోట్ల 30 లక్షల మంది మీద దెబ్బ పడింది. ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థలతో కలిసి అక్కడి ప్రభుత్వం లెక్క కడితే ఆస్తి నష్టమే 1,490 కోట్ల డాలర్లు, పోయిన ఆదాయం ఇంకో 1,520 కోట్లు. ప్రపంచం గాలిలోకి వదిలే కర్బన ఉద్గారాల్లో ఆ దేశం వాటా 1 శాతం లోపే. 2023 జనవరిలో జెనీవాలో సదస్సు పెట్టి 900 కోట్ల డాలర్లకు పైగా హామీలు ఇచ్చారు, అందరూ మెచ్చుకున్నారు. తర్వాత వాళ్ల అప్పటి ఆర్థిక మంత్రి ఇషాక్ దార్ చెప్పిందేమిటంటే, అందులో దాదాపు 90 శాతం ప్రాజెక్టు రుణాలేనని, అవీ మూడేళ్లలో విడతలుగా వస్తాయని. అప్పటికే ఐఎంఎఫ్ అప్పులతో నెట్టుకొస్తున్న దేశం అది!

పాకిస్తాన్ పేరు ఎత్తానని కొందరికి కోపం రావచ్చు. కానీ అక్కడి సింధ్ రాష్ట్రంలో హారీలని ఉంటారు, సొంత భూమి లేకుండా జమీందారు పొలం చేసుకుంటూ, విత్తనాలకీ ఎరువులకీ ఆయన దగ్గరే అప్పు తెచ్చుకుని, పంటలో వాటా ఇచ్చేవాళ్లు. అచ్చం మన కౌలు రైతు బతుకే. పంట నీళ్లపాలైనా జమీందారు పుస్తకంలో అప్పు అలాగే ఉంటుంది. మన దగ్గర పాస్‌బుక్ యజమాని పేరున ఉండి, నష్టపరిహారం కోసం కౌలు రైతు ఎన్నిసార్లు తిరుగుతాడో గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెప్తారు. సింధ్‌లోనే ఒక మంచి పని కూడా జరిగింది. వరదల్లో పోయిన ఇళ్లు సుమారు 21 లక్షలు మళ్లీ కట్టే పథకం పెట్టి, డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేస్తూ, ఇంటి స్థలం హక్కు ఆడవాళ్ల పేరున ఇస్తున్నారు. వినడానికే బాగుంది. కాకపోతే దానికి ప్రపంచ బ్యాంకు పెట్టిన డబ్బు కూడా అప్పే, రేపు తీర్చాల్సింది ఆ దేశమే.

వాతావరణ మార్పు తెచ్చే ఇలాంటి నష్టానికి ఎవరు కట్టాలి అన్న ప్రశ్న కొత్తది కాదు. 1991లోనే చిన్న ద్వీప దేశాల తరఫున వనువాటు అనే పసిఫిక్ దీవుల దేశం అడిగింది. 2015 పారిస్ వాతావరణ ఒప్పందంలో నష్టం గురించి ఒక అధికరణం పెట్టారు గానీ, దాని ఆధారంగా బాధ్యత, పరిహారం అడగడానికి వీల్లేదని పక్కనే తీర్మానంలో రాసుకున్నారు. 2022లో ఈజిప్టులో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో, నేను మొదట చెప్పిన నిధి పెట్టడానికి ఒప్పుకున్నారు, మరుసటి ఏడాది దుబాయ్‌లో అది మొదలైంది. అమెరికా అప్పుడు ఇస్తానన్నది 1 కోటి 75 లక్షల డాలర్లు, 2025లో ఆ నిధి బోర్డు నుంచే తప్పుకుంది. అన్ని దేశాల హామీలూ కలిపినా 100 కోట్ల డాలర్లకు చేరలేదు, అంటే ఒక్క పాకిస్తాన్ వరద నష్టంలో ముప్పయ్యో వంతు కూడా లేదు. 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేం సదస్సులో మొదటిసారి 25 కోట్ల డాలర్లకు దరఖాస్తులు పిలిచారు. తక్కువే, కానీ అది గ్రాంటు, అంటే తిరిగి కట్టక్కర్లేని డబ్బు. అందుకే నేను ఆ నిధి వైపు ఉన్నాను.

2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం కూడా, వాతావరణం విషయంలో తన బాధ్యత తప్పిన దేశం నష్టపరిహారం ఇవ్వాల్సి రావచ్చని అభిప్రాయం చెప్పింది. దీని వెనక ఉన్నది 2019లో పసిఫిక్ దీవుల లా విద్యార్థులు మొదలుపెట్టిన ప్రయత్నం. తలచుకుంటేనే నాకు ధైర్యం వస్తుంది.

మన ప్రభుత్వం కూడా ఈ సదస్సుల్లో నష్టానికి ఇచ్చేది అప్పుగా ఉండకూడదని గట్టిగా అడగాలి. మీకు నా విన్నపం ఒక్కటే. ఇకముందు ఇలాంటి హామీ వార్త వచ్చినప్పుడు, అందులో గ్రాంటు ఎంత, అప్పు ఎంత, నిజంగా చేతికందింది ఎంత అని రెండు లైన్లు అదనంగా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం