ఇకపై మా దగ్గర "ఓర్చుకోండి" అనే మాట వినపడదు

హనుమకొండ నక్కలగుట్టలో ఈ చిన్న ఎలక్ట్రాలిసిస్ (కరెంటు సూదితో వెంట్రుకలు శాశ్వతంగా తీసే) సెంటర్ పెట్టి ఆరేళ్ళయింది. మొదట్లో గడ్డం, పై పెదవి మీది వెంట్రుకల కోసమే వచ్చేవాళ్ళు. ఇప్పుడు నా పనిలో సగం, యోని నిర్మాణ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న ట్రాన్స్ మహిళలకు కింది భాగంలో వెంట్రుకలు తీయడమే. మంచిర్యాల, పెద్దపల్లి, రామగుండం నుంచి రైల్లో కాజీపేట దిగి వస్తారు. కరీంనగర్, భూపాలపల్లి వాళ్ళు బస్సులో వస్తారు. ఈ నెల నుంచి మా పద్ధతులు కొన్ని మారుస్తున్నాను. కారణం ఉన్నదున్నట్టు చెప్పాలి, అందులో నా తప్పు ఉంది.

పోయిన మే నెల సంగతి. మొదటిసారి వస్తున్న ఒకమ్మాయి ముందురోజు ఫోన్ చేసి "నొప్పి బాగ లేస్తదా అక్కా?" అని అడిగింది. మెడికల్ షాపులో మత్తు క్రీమ్ దొరుకుతుంది, మందంగా రాసుకుని పైన ప్లాస్టిక్ కవర్ చుట్టుకుని రమ్మన్నాను. ఎంత రాయాలో, ఎంతసేపు ఉంచాలో చెప్పలేదు. భయంతో ఆమె రెండు ట్యూబులు తొడల దాకా రాసుకుంది. రైలు లేటైంది. ఆ ఎండలో మూడు గంటలు క్రీమ్ అలాగే ఉంది. లోపలికొచ్చి కుర్చీలో కూర్చోగానే తల తిరుగుతోందంది. పెదవులు చూస్తే నీలంగా ఉన్నాయి. వెంటనే ఆటోలో హాస్పిటల్‌కు తీసుకెళ్ళాం. ఆక్సిజన్ పెట్టి, రాత్రంతా ఉంచుకుని, తెల్లారి పంపించారు. ఇప్పుడు బాగానే ఉంది.

డాక్టర్‌గారు అప్పుడు వివరంగా చెప్పారు. ఆ క్రీములో లిడోకైన్, ప్రిలోకైన్ అని రెండు మందులుంటాయి. ఎక్కువ చర్మం మీద రాసి, గాలాడకుండా కప్పి, ఎక్కువసేపు ఉంచితే అవి రక్తంలోకి ఎక్కుతాయి. ప్రిలోకైన్ మోతాదు మించితే రక్తం ఆక్సిజన్‌ను సరిగ్గా మోయలేదు. కింది భాగంలో చర్మం పలచన కాబట్టి మందు ఇంకా త్వరగా ఎక్కుతుంది. అమెరికాలో వెంట్రుకలు తీసే లేజర్‌కు ముందు ఇలాగే మత్తు క్రీమ్ రాసుకుని ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు చనిపోతే, 2007లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసిందట. ఈ పని చేసే మనిషిగా అది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఆ అమ్మాయికీ, వాళ్ళమ్మకీ క్షమాపణ చెప్పాను. మీ అందరికీ కూడా చెప్పుకుంటున్నాను.

కాబట్టి ఇంటి దగ్గర క్రీమ్ రాసుకుని ఎవరూ రావద్దు. ఆ రోజు ఎంత చోటు పని చేస్తామో అంత చోటికే, డాక్టర్‌గారు చెప్పిన కొలత ప్రకారం ఇక్కడే రాస్తాం. చర్మవ్యాధుల డాక్టర్‌గారు బుధవారం, శనివారం మా దగ్గరకు వస్తారు. మత్తు ఇంజెక్షన్ కావాలంటే ఆ రెండు రోజుల్లోనే. అది వారే ఇస్తారు, నేను ముట్టుకోను.

రెండో తప్పు ఇంతకంటే పాతది. నేను గంటల లెక్కన డబ్బు తీసుకుంటాను కదా. మధ్యలో ఆపితే ఆ నిమిషాలు కూడా బిల్లులో పడేవి. ఒకరోజు ఒకామె దుప్పటి అంచు పళ్ళ మధ్య పెట్టుకుని పడుకుంది. కళ్ళ పక్క నుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. ఆపనా అంటే "వద్దక్కా, పైసలు పోతయి, ఓర్సుకుంట" అంది. నేను కూడా "ఇంకొంచెం ఓర్చుకోమ్మా" అంటూనే సూది దించాను. ఆమెను అలా పడుకోబెట్టింది నొప్పి ఒక్కటే కాదు, నా రేటు కూడా అని నాకు ఇంటికెళ్ళాక వెలిగింది. ఇకపై విశ్రాంతికి ఆపిన సమయానికి ఒక్క రూపాయి తీసుకోను. చెయ్యి ఎత్తితే చాలు, సూది బయటికి వస్తుంది. సగంలో వెళ్ళిపోతానన్నా సరే, చేసిన నిమిషాలకే బిల్లు.

ఈ ఓర్పు మీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు కొంత తెలుసు. మత్తు లేకుండా నిర్వాణం (హిజ్రా సంప్రదాయంలో పురుషాంగం తీసేయడం) చేయించుకున్న పెద్దల మాటలు వింటూ పెరిగినవాళ్ళు మీలో ఉన్నారు. నొప్పి భరించినవాళ్ళే నిజమైన ఆడవాళ్ళని ఎవరో ఒకరు అని ఉంటారు. నా బల్ల మీద ఆ పరీక్ష లేదు. బిగుసుకుని పడుకుంటే కండరాలు కదులుతాయి, సూది పక్కకు పోతుంది, పని కూడా చెడుతుంది.

ఎలా ఉంటుందో దాచకుండా చెప్తాను. వెంట్రుక మొలిచే రంధ్రంలోకి దానంత సన్నటి సూది జారుతుంది. అది జారినప్పుడు పెద్దగా తెలియదు. కరెంటు వదిలినప్పుడు చురుక్కుమంటుంది, నూనె చుక్క చిందినట్టు. ఆ వేడి కుదురును చంపుతుంది. తర్వాత పట్టకారుతో అందుకుంటే వెంట్రుక లాగకుండానే జారి రావాలి. పీకినట్టు అనిపిస్తే కుదురు చావలేదని అర్థం, అది నాకు వెంటనే చెప్పండి. గజ్జల కంటే మధ్యకు వెళ్ళేకొద్దీ నొప్పి ఎక్కువ. అందుకే మొదటి నాలుగైదు సిట్టింగులు అంచుల్లోనే చేస్తాను.

ఈ పనిని సోకు అనుకునేవాళ్ళు ఉన్నారు, మీ ఇళ్ళలోనూ ఉంటారు. యోని నిర్మాణ ఆపరేషన్‌లో చాలామంది సర్జన్లు అక్కడి చర్మాన్నే లోపలికి తిప్పి గోడగా కుడతారు. ఆ చర్మం మీద బతికున్న కుదుళ్ళుంటే వెంట్రుకలు లోపల మొలుస్తాయి, అక్కడికి ఏ సూదీ సులువుగా చేరదు. చేతి చర్మంతో మూత్రనాళం చేయించుకునే ట్రాన్స్ పురుషులకూ ఇదే బాధ, ఆ వెంట్రుకల చుట్టూ రాళ్ళు కట్టవచ్చు. 2022లో వచ్చిన ట్రాన్స్ వ్యక్తుల వైద్యానికి ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూపాత్ ఎనిమిదో ప్రమాణాల్లో కూడా ఆపరేషన్ తయారీలో దీన్ని చేర్చారు.

అయితే మొత్తం తీయనక్కర్లేదు. ఏ చర్మం లోపలికి వెళ్తుందో సర్జన్‌ను బట్టి, పద్ధతిని బట్టి మారుతుంది. మీ సర్జన్ చేత కాగితం మీద బొమ్మ గీయించుకుని రండి. గీత లోపలిదే చేస్తాను. అవసరం లేని చోట మీకు నొప్పి, ఖర్చు రెండూ దండగ. ఆ బొమ్మ లేకుండా ఇకపై పని మొదలుపెట్టను.

టైమ్ గురించి చాలామంది మోసపోతున్నారు. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకుని, మూడు నెలల ముందు నా దగ్గరికొస్తే నేనేం చేయలేను. వెంట్రుకలన్నీ ఒకేసారి మొలవవు, నిద్రలో ఉన్న కుదుళ్ళు నెలల తర్వాత లేస్తాయి. ఏడాది, ఏడాదిన్నర పట్టడం మామూలే. అంతా అయ్యాక ఇంకో మూడు నెలలు ఆగి, కొత్తవి లేవని చూసుకోవాలి.

చిమ్టా మాత్రం పక్కన పెట్టండి. గడ్డం పీక్కునే అలవాటుతో కింద కూడా పీక్కుని వస్తున్నారు. పీకితే రంధ్రంలో నాకు దారి చూపే వెంట్రుకే ఉండదు, కుదురు వంకర తిరుగుతుంది. వ్యాక్స్ కూడా అంతే. ఎలక్ట్రాలిసిస్‌కు మూడు నాలుగు రోజులు షేవ్ చేయకుండా, బియ్యపు గింజలో సగం పొడవు పెరగనివ్వండి. లేజర్‌కు ఇది తలకిందులు, ముందురోజు షేవ్ చేసి వెళ్ళాలి. లేజర్ వద్దని నేననను, దట్టంగా ఉన్నప్పుడు పని తొందరగా తగ్గిస్తుంది. కానీ మన చామనఛాయ ఒంటికి, అందులోనూ నల్లగా ఉండే ఆ చోటికి, ఎన్‌డీ యాగ్ అనే, నల్ల చర్మానికి సరిపడే లేజర్ మెషీన్ ఉన్న డాక్టర్ దగ్గరే చేయించుకోండి. ఒక పార్లర్‌లో చర్మం కాలి, మచ్చలతో నా దగ్గరికొచ్చినవాళ్ళను చూశాను. తెల్ల వెంట్రుకలకు లేజర్ పనిచేయదు.

వచ్చే రోజు కడుపునిండా తిని, నీళ్ళు తాగి రండి. టీ, కాఫీ తగ్గించండి. ఇంటికెళ్ళాక పసుపు రాయొద్దు, కలబంద మట్ట కోసి రుద్దొద్దు, పౌడర్ వద్దు. చల్లటి నీళ్ళతో కడిగి, వదులుగా ఉండే నూలు బట్ట కట్టుకోండి. చిన్న పొక్కులు వస్తే గిల్లకండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం సిట్టింగులు ఆపేస్తున్నాను, చెమటకు అక్కడ చీము పట్టే ప్రమాదం ఉంది. ఉదయం ఆరున్నరకే తలుపు తీస్తాను.

మొదటిరోజు మీరు అడిగితే తప్ప సూది ఉండదు. మాట్లాడుకుంటాం, బొమ్మ చూస్తాం, మీ శరీర భాగాలను ఏ పేర్లతో పిలవాలో మీరు చెప్తే ఆ పేర్లే వాడతాను. దానికి డబ్బు లేదు. మీకు ధైర్యం కుదిరితే గజ్జ అంచున పది వెంట్రుకలు మాత్రం తీసి చూపిస్తాను. మే నెలలో హాస్పిటల్‌కు వెళ్ళిన ఆ అమ్మాయి ఆగస్టు నుంచి మళ్ళీ వస్తోంది. పోయిన శనివారం పదకొండో నిమిషంలో చెయ్యెత్తింది. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చుని మంచినీళ్ళు తాగాం.