ఒక లిఫ్టు, కాలిన మోటారు, పిండి పెట్టె: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలోని మన అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘం ఈ ఏడాది చేసిన పనులు మీ ముందుంచుతున్నాను. కిందటిసారి నివేదిక చదవడం పూర్తయ్యేసరికి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. అందుకని మామూలు సంగతులు గబగబా చెప్పేసి, అందరూ అడుగుతున్న పిండి పెట్టె, అంటే చలి రాత్రుల్లో ఇడ్లీ పిండి పులియడానికి మనం కట్టుకున్న వెచ్చటి పెట్టె దగ్గర కాసేపు ఆగుతాను.

లిఫ్టుకు కొత్త రోపులు వేయించాం. బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండుసార్లూ వైండింగు చేయించాం. మూడోసారి కాలితే కొత్తది కొనడమే. సంపూ పై ట్యాంకూ రెండుసార్లు కడిగించాం. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. సంక్రాంతి ముగ్గుల పోటీ ఫలితం మీద రెండు ఫ్లాట్ల మధ్య ఇంకా మాటల్లేవు. ఆ సంగతి నివేదికలో రాయొద్దని కమిటీ చెప్పింది.

ఇక పెట్టె సంగతి.

ధనుర్మాసం ముందు నుంచి మహిళా సభ్యులు శనివారాలు కింద గదిలో కలిసి పప్పు రుబ్బి, ఆదివారం పొద్దున కావాల్సిన ఫ్లాట్లకు ఇడ్లీ పిండి ఇస్తున్నారు. మనది ఎండల ఊరని పేరే గానీ, రాత్రిపూట 18, 19 డిగ్రీలకు దిగే రోజులు మనకూ ఉన్నాయి. పిండిని పొంగించే బాక్టీరియాకు 30 అటూ ఇటూగా ఉంటేనే హుషారు. చలికి అవి ముసుగు తన్ని పడుకుంటాయి. తెల్లారి మూత తీస్తే రాత్రి ఎంత పోశామో అంతే. ఆ ఇడ్లీలు తిన్నవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. "మేమైతే పొయ్యిగట్టు మీద పెట్టేవాళ్ళం, ఇప్పుడు మీకు గట్టే లేదాయె" అన్నారు మొదటి అంతస్తు మామ్మగారు.

దాంతో ఎవరి వైద్యం వాళ్ళు మొదలుపెట్టారు. దుప్పటి చుట్టినవాళ్ళు, వేడినీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టినవాళ్ళు ఉన్నారు. జనవరిలో ఒక రాత్రి రెండింటికి మూడో అంతస్తులో పొగ వాసన వచ్చిందని అందరినీ లేపారు గుర్తుందా? దాచడం ఎందుకు, ఆ ఫ్లాటు నాదే. అట్టపెట్టెకు లోపల థర్మోకోల్ అతికించి, 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు వేలాడదీసి, పైన తువ్వాలు కప్పాను. తువ్వాలు మీద అరచేతి వెడల్పున కమిలిన మచ్చ. బల్బు పక్కన థర్మోకోల్ కరిగి దొప్పలా లోపలికి పోయింది. పిండి మాత్రం బ్రహ్మాండంగా పొంగింది.

ఫిలమెంటు బల్బు తాగే కరెంటులో నూటికి తొంభై వంతుల పైనే వేడిగా పోతుంది. అదంతా గుప్పెడు గాజు మీంచే బయటికి రావాలి. థర్మోకోల్ ఏమో 100 డిగ్రీల దగ్గరకే మెత్తబడిపోతుంది. ఈ లెక్క నాకు తెలియనిది కాదు. రాత్రి పదింటికి గుర్తు రాలేదంతే.

మర్నాడు ఐదో అంతస్తు మాస్టారు అమెరికాలో ఉన్న వాళ్ళబ్బాయికి వీడియో కాల్ కలిపారు. ఆ అబ్బాయి అక్కడ గరాజ్‌లో ఇంటి బీరు కాస్తాడు. అక్కడది నేరం కాదు. 1978 నాటి చట్టంతో ఇంటి వాడకానికి కాచుకోవడం అనుమతించారు. బీరులో ఒక రకం ఈస్టుకు 20 డిగ్రీల దగ్గర, ఇంకో రకానికి 10 దగ్గర ఉండాలట. అందుకే పాత ఫ్రిజ్జునే పులియబెట్టే గదిగా మార్చుకుంటారు. లోపల చిన్న హీటరు, బయట టెంపరేచర్ కంట్రోలరు. మన అవసరమూ అదే, డిగ్రీలే వేరు.

ఆ అబ్బాయి చెప్పినవాటిలో ఒక మాట నాకు బాగా పట్టుకుంది: "అంకుల్, కంట్రోలర్ చెడిపోతుందనే అనుకుని కట్టండి." దానిలో హీటరును వెలిగించి ఆపే స్విచ్ ఉంటుంది, రిలే అంటారు. దాని కాంటాక్టులు ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు తెర మీద అంకె ఎంత చూపించినా హీటరు ఆగదు. సెన్సరు వైరు జారి బయటపడిందా, అది గది చల్లదనం చూసి ఇంకా కావాలి ఇంకా కావాలి అంటుంది. కాబట్టి రాత్రంతా ఆగకుండా వెలిగినా ప్రమాదం లేనంత చిన్న హీటరే పెట్టుకోవాలి.

రెండో అంతస్తువాళ్ళు కంప్రెసర్ పోయిన ఫ్రిజ్జు ఊరికే ఇచ్చారు. వాళ్ళకు ధన్యవాదాలు. దాని గోడలకు రంధ్రం పెట్టొద్దని ముందే అనుకున్నాం, లోపల గ్యాసు గొట్టాలుంటాయి, కొన్ని మోడళ్ళలో ఆ గ్యాసు అంటుకునే రకం. వైర్లు తలుపు రబ్బరు పక్క నుంచే తీశాం. 40 వాట్ల సిలికాన్ హీటింగ్ మ్యాట్‌ను వెడల్పాటి అల్యూమినియం రేకుకు అతికించాం. 40 వాట్ల బల్బును ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. అదే 40 వాట్లు రేకంతా పరుచుకుంటే చెయ్యి ఆనించి ఉంచొచ్చు. లోపల గాలి తిరగడానికి కంప్యూటరు ఫ్యాను ఒకటి. హీటరు వైరులోనే 50 డిగ్రీలకు తనంతట తానే కరెంటు ఆపేసే బైమెటల్ స్విచ్ కలిపాం, దానికి కంట్రోలరుతో సంబంధం లేదు. హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి అది టిక్కుమనడం విన్నాకే బిగించాం.

గదికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు కొంచెం లీకైనా వెంటనే ఆపేసే స్విచ్) కూడా వేయించాం. ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే మామూలు స్విచ్) ఉందిగా అని కొందరన్నారు. ఎమ్‌సీబీ వైర్లను కాపాడుతుంది, షాకు తగిలే మనిషిని కాదు. పిండి తడి చేతులతో తలుపు తీసే పెట్టె ఇది.

కంట్రోలరు దగ్గర ఒక దెబ్బ తిన్నాం. ఎస్‌టీసీ-1000 అనే రకం తెచ్చాం, ప్లగ్ పెట్టగానే టప్పుమంది. చూస్తే అది 110 వోల్టులది. అట్ట మీద రాసే ఉంది, చదవంది మేమే. కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోలేదు. రెండోది 230 వోల్టులది తెచ్చి, వెనక టెర్మినళ్ళు బయటికి కనబడకుండా డబ్బాలో బిగించాం. ఐసు నీళ్ళలో సెన్సరు ముంచితే 1 డిగ్రీ ఎక్కువ చూపించింది, సరిచేశాం. 30కి పెట్టి, తేడా 1 ఇచ్చాం. 29కి దిగితే వెలుగుతుంది, 30కి ఆగుతుంది. సెన్సరు గాలిలో వేలాడదు, గిన్నె పక్కకు ఆనించి పైన స్పాంజి ముక్క కట్టాం.

అసలు పరీక్ష అప్పుడు చేశాం. కంట్రోలరు తీసేసి హీటరును నేరుగా ప్లగ్గుకు పెట్టి, ఒక రాత్రంతా వదిలేసి, గదిలో వంతులవారీగా కూర్చున్నాం. గది 19, తెల్లారేసరికి పెట్టె లోపల 41. అక్కడే నిలబడింది, పైకి పోలేదు. అంటే గది కంటే 22 ఎక్కువ. ఈ లెక్కే మే నెలలో తిరగబడుతుంది: గది 40 ఉంటే, ఆ 50 డిగ్రీల స్విచ్ కూడా పనిచేయకపోతే, లోపల 60 దాటొచ్చు. అందుకని ఫిబ్రవరి దాటాక ప్లగ్ పీకేసి వైరు చుట్టి పైన పెట్టేస్తాం. ఎండాకాలంలో గుంటూరులో పిండిని వేడి చేయాల్సిన ఖర్మ ఎవరికీ లేదు.

మొదటి శనివారమే పిండి గిన్నె అంచు దాటి, అడుగున ఉన్న మ్యాట్ మీదికి కారింది. ఆర్‌సీసీబీ పడిపోయింది, దాని డబ్బు ఆ పూటే వసూలైంది. ఇప్పుడు మ్యాట్ వెనక గోడకు ఎత్తున ఉంది, అడుగున పళ్ళెం, గిన్నెలు సగానికి మించి నింపకూడదు. అడ్డ అరలు తీయొద్దు, తలుపు తాళం వేసే ఉండాలి, ఆడుకునే పిల్లలు లోపల దూరకుండా. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. పెరుగు గిన్నెలు తెచ్చి పెట్టకండి. పెరుగుకు 40 పైన బాగుంటుంది, అందుకని ఎవరైనా బటన్ నొక్కి డిగ్రీలు పెంచితే పిండి పుల్లగా అయిపోతోంది.

ద్రాక్ష వైను పెట్టుకుందామని ఇద్దరు సభ్యులు రాతపూర్వకంగా అడిగారు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం నేరం. పాఠం బీరు కాచే అబ్బాయి చెప్పినంత మాత్రాన బీరు కూడా రావాలని లేదు. ఆ కాగితం ఫైల్లో పెట్టాం.

పెట్టెలో హీటరు రాత్రికి పది గంటలు ఆగకుండా వెలిగినా దాని కరెంటు 0.4 యూనిట్ మించదు. మిగతా లెక్కలు జతచేసిన పట్టికలో ఉన్నాయి. అందులో మొదటి కంట్రోలరు ఖర్చు కనిపించదు. అది నా జేబులోంచి పోయింది. తువ్వాలు కూడా.

కార్యదర్శి