గ్రామసభలో పంచాయతీ లెక్క చదివి వినిపించాలి

సంపాదకులకు నమస్కారం.

దాదాపు రెండేళ్ల ప్రత్యేక అధికారుల పాలన తర్వాత 2025 డిసెంబరులో మన తెలంగాణ పల్లెలకు మళ్లీ సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. పాలకవర్గాలు లేక ఆగిన ఆర్థిక సంఘం నిధుల గురించి ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా మాటలే. ఎన్ని లక్షలొస్తాయి, ముందు ఏ వాడకు సీసీ రోడ్డు పడుతుంది అని హోటల్ దగ్గరా, బస్టాండులోనూ చర్చలు నడుస్తున్నాయి. ఈ చర్చ జరగాల్సిన చోటు గ్రామసభ. అక్కడ మాత్రం జరగడం లేదు.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఓటర్ల సంఖ్యను బట్టి ఇంతమంది హాజరు కావాలని కోరం కూడా ఉంది. మా ఊళ్లో జరిగేది వేరు. సభ పొద్దున పదకొండు గంటలకు పెడతారు. ఆ వేళకు కూలికి పోయే ఆడవాళ్లంతా చేన్లల్లో ఉంటారు. ముందురోజు చీకటిపడ్డాక చాటింపు వేస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. మర్నాడు తీర్మానాల పుస్తకం సంతకాల కోసం ఇంటింటికీ తిరుగుతుంది. జనం నిండుగా వచ్చేది లబ్ధిదారుల పేర్లు చదివే సభలకే. 2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల కోసం గ్రామసభలు పెట్టినప్పుడు నిలబడటానికి చోటు లేదు. పేదవాళ్లు ఇల్లు అడగడంలో తప్పేమీ లేదు. కానీ గ్రామసభ అంటే దరఖాస్తులు ఇచ్చే రోజు అన్నట్టు అయిపోయింది.

నేను మహిళా సంఘంలో ఉన్నాను. మా మీటింగులో ప్రతిసారీ పుస్తకం తెరిచి పొదుపు ఎంత జమైంది, అప్పు ఎవరు తీసుకున్నారు, కిస్తీ ఎవరు కట్టలేదు అన్నది పైకి చదువుతాం. వంద రూపాయలు తేడా వస్తే అది దొరికేదాకా ఎవరూ లేవరు. అక్షరం రాని అక్కలు కూడా వేళ్ల మీద లెక్కగట్టి తప్పు పట్టేస్తారు. ఆ అక్కలే పంచాయతీ ఆఫీసుకొచ్చేసరికి నోరు తెరవరు. అది కూడా మన సొమ్మే, మనం కట్టిన ఇంటి పన్ను, నల్లా బిల్లు, మన పేరు మీద వచ్చిన గ్రాంటు అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఒక గ్రామసభలో మేం కొందరం జమాఖర్చులు చదవమని పట్టుబట్టాం. కార్యదర్శి చదివారు. బోరు మోటరు రిపేరు, వీధి లైట్లు, బ్లీచింగ్ పౌడర్, ట్రాక్టర్ డీజిల్, మళ్లీ బోరు మోటరు రిపేరు, ట్రాక్టర్ కిస్తీ, మళ్లీ మోటరు రిపేరు. వెనక కూర్చున్న ఓ పెద్దమ్మ లేచి, "గా మోటరు ఎన్నిమాట్ల కాలింది బిడ్డా? గిన్ని పైసలకు కొత్తదే వస్తుండె గదా" అంది. అందరూ అటు తిరిగారు. దాంతో అసలు సంగతి బయటపడింది. ఎవరూ తిన్నది లేదు. ఆ వైపు వోల్టేజీ చాలక మోటరు కాలిపోతోంది. కావాల్సింది ట్రాన్స్‌ఫార్మర్. ఆ రోజే దానికి తీర్మానం రాశారు. ఆ లెక్క పైకి చదవకపోయి ఉంటే ఇంకా మోటరే బాగుచేయిస్తూ ఉండేవాళ్లం.

లెక్క అడగడమంటే సర్పంచును దొంగ అనడం కాదు. మన దగ్గర చాలామంది మాజీ సర్పంచులు సొంతంగా అప్పులు తెచ్చి పనులు చేయించి, బిల్లులు రాక వడ్డీలు కట్టుకున్నారు. ఏ బిల్లు ఎక్కడ ఆగిందో ఊరందరికీ తెలిసి ఉంటే ఆ మనిషి ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరిగే గతి పట్టేది కాదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వ పథకం పల్లె ప్రగతి మొదలైనప్పుడు ప్రతి ఊరికీ ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక) అన్నారు. వైకుంఠధామం మా ఊరికి నిజంగా అక్కరకొచ్చింది. ట్రాక్టరూ పనికొస్తోంది. చెత్త వేరుచేసే షెడ్డు మాత్రం గడ్డి మొలిచి పడి ఉంది. అది ఎక్కడ కట్టాలి, ఎవరు నడపాలి అని మమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

ఇలా అందరి ముందూ లెక్క చదివి సరిచూడటం మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. ఊరి యువకులే మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిరిగి కూలీ ముట్టిందా లేదా అని అడిగారు, తర్వాత మండల ప్రజావేదికలో అందరి ముందూ చదివారు. వరంగల్ జిల్లా గీసుకొండ మండలం గంగదేవిపల్లిలో పనికో కమిటీ వేసుకుని ఊరివాళ్లే అన్నీ చూసుకుంటారు, ఇంటి పన్ను కూడా అందరూ కడతారు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలని నిబంధన పెట్టారు. ఆ డబ్బుతో నీళ్లు ఎవరింటికి వచ్చాయో, ఎవరింటికి రాలేదో ఆడవాళ్ల కంటే బాగా తనిఖీ చేయగలవాళ్లు ఎవరున్నారు?

ఖర్చుల వివరాలు ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో పెట్టాం కదా అని అధికారులు అంటారు. మంచిదే. కానీ ఫోనులో వెతికి ఆ పట్టికలు అర్థం చేసుకునేవాళ్లు ఊరికి ఎందరు?

మన తప్పూ ఉంది. మొన్నటి ఎన్నికల్లో ఓటుకు డబ్బు పుచ్చుకున్న ఇంటివాళ్లు ఇప్పుడు ఏ మొహంతో లెక్క అడుగుతారు? గెలిచినవాళ్లకూ ఆ ధీమా ఉంది. అయినా అడగాల్సిందే. తీసుకున్నది ఒక్కరోజు డబ్బు, పోయేది అయిదేళ్ల నిధులు.

కలెక్టర్లు, జిల్లా పంచాయతీ అధికారులు ఆదేశాలిస్తే ఇది పెద్ద పనేమీ కాదు. గ్రామసభ సాయంత్రం పూట పెట్టాలి. వారం ముందు చాటింపు వేయించి, మహిళా సంఘాలకు విడిగా కబురు చేయాలి. గడిచిన రెండు నెలల జమాఖర్చులు బిల్లులతో సహా మొదట చదివి, ఆ తర్వాతే దరఖాస్తులు తీసుకోవాలి. అదే లెక్క పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించాలి. సంతకాలు సభలోనే తీసుకోవాలి, ఇళ్లకు తిరిగి కాదు. వచ్చే గ్రామసభ నుంచే ఇది మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మహిళా సంఘం సభ్యురాలు,
జనగామ జిల్లా