వచ్చే నెల నుంచి మన రేడియోలో పాటలు మారుతున్నాయి

మన స్టేషన్ శ్రోతలకు, మాకు ప్రకటనలిచ్చే వ్యాపారులకు నమస్కారం.

విషయం ముందే చెప్పేస్తాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి, ఉదయం ఎనిమిది మొదలు రాత్రి తొమ్మిది దాకా మనం వేసే పాటలు మారిపోతాయి. ఇన్నాళ్లూ రోజంతా 1985కు ముందు వచ్చిన పాటలే వేశాం. ఇకమీదట పగటిపూట 1985 తర్వాతి పాటలు, అందులోనూ 2000 తర్వాతివి ఎక్కువగా వస్తాయి. పాత పాటలు పూర్తిగా పోవడం లేదు. తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది దాకా, రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా అవే ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం కూడా వాటికే ఉంచాం. కానీ "రోజంతా పాత పాటలే" అని ఇన్నేళ్లూ చెప్పుకున్న మాట ఇక చెల్లదు. ఆ సంగతిని తియ్యటి మాటల మధ్య దాచడం నాకిష్టం లేదు.

రేడియో వ్యాపారంలో ఇలాంటి మార్పును ముందుగా చెప్పే అలవాటు పెద్దగా లేదు. ఎన్నో స్టేషన్లు ఫార్మాట్‌ను, అంటే ఏ రకం పాటలు వేయాలన్న పద్ధతిని, రాత్రికి రాత్రే మార్చేస్తాయి. సాయంత్రం దాకా ఒక రకం పాటలు వస్తాయి, మర్నాడు పొద్దున రేడియో పెడితే ఇంకో రకం. మధ్యలో కొన్ని గంటలో, కొన్ని రోజులో ఒకే పాటను తిప్పి తిప్పి వేసి, జనం "ఏమైంది వీళ్లకు" అని మాట్లాడుకునేలా చేసే స్టేషన్లూ ఉన్నాయి. దాన్ని ఈ వ్యాపారంలో స్టంటింగ్ అంటారు. ముందే చెబితే ఉన్న శ్రోతలు ముందే వెళ్లిపోతారని, ఆ ఖాళీని పోటీ స్టేషన్ పట్టేస్తుందని వాళ్ల భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. అయినా మాది చిన్న ఊరి స్టేషన్. పొద్దున లేవగానే మమ్మల్ని పెట్టుకునేవాళ్లకు ఒక్క మాటైనా చెప్పకుండా వాళ్ల పాటలు తీసేయడం నా వల్ల కాదు.

కారణం డబ్బు. మీరు వినడం తగ్గించారని కాదు. ఈ పాటల మీద మీకున్న ఇష్టం ఏమాత్రం తగ్గలేదని మీ ఫోన్ల వల్ల మాకు తెలుసు. కాకపోతే స్టేషన్ ఖర్చుకు, వినేవాళ్ల సంఖ్యకు సంబంధం ఉండదు. ఒక్కరు విన్నా ఊరంతా విన్నా ట్రాన్స్‌మిటర్‌కు అదే కరెంటు కాలుతుంది. టవర్, స్టూడియో, జీతాలు ఏవీ ఆగవు. వీటన్నిటికీ వచ్చే డబ్బు మాత్రం ఒక్క యాడ్స్ నుంచే రావాలి. యాడ్ ఇచ్చేవాళ్లు ఎంతమంది వింటారని అడిగిన వెంటనే ఏ వయసువాళ్లు వింటారని అడుగుతారు. అమెరికాలో రేడియో యాడ్స్ కొనేవాళ్లు ఎప్పటినుంచో 25 నుంచి 54 ఏళ్ల వాళ్లనే ముఖ్యంగా లెక్కపెట్టుకుంటారు. మిగతాచోట్ల అంకె అటూ ఇటూ అయినా ఆలోచన అదే.

అరవై దాటినవాళ్లు ఖర్చు పెట్టరన్న మాటను నేను ఒప్పుకోను. ఇంటి మరమ్మతులు, ప్రయాణాలు, మందులు, మనవలకు కొనిపెట్టేవి, వీటిలో చాలావరకు నిర్ణయం వాళ్లదే. ఈ మాట మా దగ్గరకు వచ్చిన ప్రతి వ్యాపారికీ చెప్పాను. కొందరు విన్నారు. వాళ్ల యాడ్స్ ఇప్పటికీ వస్తున్నాయి. ఎక్కువమంది వినలేదు. పగటి స్లాట్లు ఖాళీగా పోతూ వచ్చాయి. ఇలాగే నడిస్తే ఫార్మాట్ గురించి కాదు, స్టేషన్ ఉంటుందా ఉండదా అన్నదాని గురించే మీకు రాయాల్సి వచ్చేది.

ఇక్కడ వయసు లెక్క ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా నిర్ణయం చివరికి దాని మీదే ఆగింది. 1989లో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరు వయసుల వాళ్లకు వేర్వేరు దశాబ్దాల పాటలు వినిపించి, ఏవి ఎక్కువ నచ్చాయో చూశారు. మనిషికి తనకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లున్నప్పుడు వచ్చిన పాటలే అన్నిటికన్నా ఎక్కువ నచ్చుతాయని వాళ్లకు తేలింది. ప్రతి ఒక్కరికీ ఇది ఇంత ఖచ్చితంగా వర్తించదు. తండ్రి పాటలు ఇష్టపడే పిల్లలు మన శ్రోతల్లోనే ఉన్నారు. కానీ మొత్తం మీద చూస్తే ఈ లెక్క మా ఫోన్ లైన్‌లో రోజూ కనిపిస్తుంది. 1985లో ఇరవై మూడేళ్లున్న వాళ్లు ఇప్పుడు అరవై దాటారు. మా లైబ్రరీ అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు నలభై ఐదేళ్లున్న మనిషికి ఆ వయసు వచ్చింది 2000 తర్వాత. అతనికి తన పాట మన స్టేషన్‌లో ఇంతవరకు ఒక్కటీ వినపడలేదు. వాళ్లూ ఈ ఊరివాళ్లే. పాతికేళ్ల కిందటి పాట వాళ్లకు పాత పాటే.

"ఇప్పటి పాటలు పాటలా, అంతా చప్పుడు" అని బాధపడేవాళ్లు మీలో ఉన్నారు. ఈ కబురు విని ఇప్పటికే కొందరు ఆ మాట అన్నారు. వాళ్ల మీద నాకు గౌరవమే ఉంది. అయితే రేడియో చరిత్రలో జరిగిన ఒక సంగతి గుర్తు చేస్తాను. 1952లో బి.వి. కేస్కర్ మన దేశానికి సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకు నిజమైన అభిమానం. సినిమా పాటలు జనం అభిరుచిని చెడగొడుతున్నాయని నమ్మి, ఆకాశవాణిలో వాటికిచ్చే సమయాన్ని బాగా కోసేశారు. సినిమా నిర్మాతలతో వివాదం కూడా కలిసి, కొన్నాళ్లు ఆ పాటలు దాదాపు వినపడకుండా పోయాయి. జనం రేడియో కట్టేయలేదు, ముల్లు తిప్పి శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పెట్టుకున్నారు. అదే 1952లో అక్కడ మొదలైన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా ఎంత పేరు తెచ్చుకుందో మీకు తెలుసు. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణే వివిధ భారతిని మొదలుపెట్టి సినిమా పాటలను వెనక్కి తీసుకొచ్చింది.

అప్పట్లో చౌకబారువి అని పక్కన పెట్టిన ఆ పాటలే ఈరోజు మీరు, నేను ప్రాణంగా వినే పాత పాటలు. ఆ సంగతి తెలిశాక, ముప్ఫై ఏళ్ల మనిషి ఇష్టపడే పాటను తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. అలాగే మీ పాటలు తక్కువవని వాటిని పగటి నుంచి తీయడం లేదు. మా ఇంట్లో నేను వినేది ఇప్పటికీ అవే.

రెండు కాలాల పాటలూ కలిపి ఒకే గంటలో వేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. ఈ ప్రశ్న మీద మేము ఎక్కువ సమయం పెట్టాం. స్టూడియోలో కలిపి వేసి విన్నాం. ఇబ్బంది అభిరుచిలో లేదు, శబ్దంలో ఉంది. నిమిషానికి 78 సార్లు తిరిగే 78 ఆర్‌పీఎం రికార్డు కాలంలో పాటంటే దాదాపు మూడు నిమిషాలు, పది అంగుళాల పళ్లెంలో ఒక వైపు పట్టేది అంతే. రికార్డింగ్ మోనో, అంటే శబ్దమంతా ఒకే చానెల్‌లో. సన్నని పై శబ్దాలు అందులో తక్కువ, వెనక గరగర ఎక్కువ. 1990లలో రికార్డింగులను వీలైనంత గట్టిగా తయారుచేసే పోటీ ముదిరింది. ఇప్పటి పాటలో మెల్లగా ఉండే చోటు వెతుక్కోవాలి. స్టూడియోకు, ట్రాన్స్‌మిటర్‌కు మధ్య మా దగ్గర ప్రాసెసర్ అనే ఒక పెట్టె ఉంటుంది. కారులోనైనా వంటింట్లోనైనా పాట స్పష్టంగా వినపడాలని అది గట్టి శబ్దాన్ని తగ్గిస్తుంది, మెల్లటి శబ్దాన్ని పెంచుతుంది. కొత్త పాటకు సరిపోయే సెట్టింగ్‌లో పాత పాట వేస్తే, గాయని ఊపిరి తీసుకునేందుకు ఆగిన చోటల్లా గరగర పైకి లేస్తుంది. పాత పాటకు సరిపోయే సెట్టింగ్‌లో కొత్తది వేస్తే పేలవంగా ఉంటుంది. ఒకదాని పక్కన ఒకటి వేస్తే ఎప్పుడూ నష్టపోయేది పాత పాటే. అందుకే వేళలు విడదీశాం. పాత పాటల వేళల్లో ఇప్పుడున్న సెట్టింగే ఉంటుంది, ఎనిమిదికి, తొమ్మిదికి అది దానంతటదే మారుతుంది. మీరు ఇన్నాళ్లూ విన్న ఆ గొంతులు అలాగే వినపడతాయి.

దీనివల్ల మీరు గమనించే తేడా ఇంకొకటి ఉంది. పాత పాటలు చిన్నవి కాబట్టి గంటకు పదమూడు, పద్నాలుగు పట్టేవి. కొత్తవి నాలుగు, ఐదు నిమిషాలు నడుస్తాయి. గంటకు పది పట్టడమే ఎక్కువ. పాటలు తగ్గాయి, యాడ్స్ పెంచేశారేమో అని మీకు అనుమానం రావచ్చు. గంటకు యాడ్స్ నిమిషాలు పెంచడం లేదు. పగలు ఖాళీగా పోతున్న స్లాట్లు నిండితే అప్పుడు తేడా తెలుస్తుంది. అది కూడా ఇప్పుడున్న పరిమితి దాటదు.

వేసిన పాటే మళ్లీ మళ్లీ వేస్తారా అన్నది ఇంకో భయం. 1950ల మొదట్లో అమెరికాలోని ఒమాహాలో టాడ్ స్టోర్జ్ అనే స్టేషన్ యజమాని, జ్యూక్‌బాక్స్‌లో ఎన్ని పాటలున్నా జనం డబ్బులేసి అవే కొన్ని మళ్లీ మళ్లీ పెట్టుకుంటున్నారని గమనించాడు. కొన్ని హిట్ పాటలనే తిప్పి తిప్పి వేసే టాప్ 40 అనే పద్ధతి అక్కడ రూపు దిద్దుకుంది. ఇప్పటికీ హిట్ పాటల స్టేషన్లు చాలావరకు అదే దారిలో నడుస్తాయి. రేడియోను కాసేపు విని కట్టేసేవాళ్లకు అది బాగానే ఉంటుంది. దుకాణంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా రేడియో పెట్టుకునేవాళ్లకు మాత్రం అది శిక్ష. మన శ్రోతల్లో ఎక్కువమంది రెండో రకం. కాబట్టి పగటి వేళల్లో ఒకే పాట ఒక రోజులో రెండుసార్లు రాదు. మర్నాడు వచ్చినా అదే గంటకు రాదు. ఒకే గొంతు వరసగా రెండు పాటల్లో వినపడదు. ఈ నియమాలను ప్లేలిస్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టేశాం.

ఏ పాటలు వేయాలో ఎలా తేల్చుకున్నామని అడిగారు. పెద్ద స్టేషన్లు ఒక హాల్లో జనాన్ని కూర్చోబెట్టి, వందల పాటల నుంచి కొన్ని సెకన్ల ముక్కలు వినిపించి మార్కులు వేయిస్తాయి. అంత ఖర్చు మేము పెట్టలేం. ఫోన్లో అడిగే పాటల మీదే ఆధారపడదామంటే, ఫోన్ చేసేవాళ్లు వినేవాళ్లలో చిన్న భాగం. అందుకని ఫోన్ చేయనివాళ్లను మేమే వెళ్లి అడిగాం. పని చేసుకుంటూ రేడియో వినే యువకులు చెప్పిన మాట నాకు గట్టిగా తగిలింది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఏ రోడ్డు మూసేశారో, ఎవరికి రక్తం కావాలో తెలుస్తుందని మమ్మల్ని పెడతారట. ఆ కబుర్లు అయిపోగానే మార్చేస్తారట. మా మాటలు వాళ్లకు కావాలి, మా పాటలు వాళ్లవి కావు. ఫోన్లో కోరిన పాట క్షణంలో దొరికే ఈ రోజుల్లో కూడా మా మాటల కోసం రేడియో పెట్టే మనుషులున్నారంటే, వాళ్లను నిలుపుకోకపోవడం తప్పు.

పగటి సమయాన్ని ఒక పెద్ద నెట్‌వర్క్‌కు ఇచ్చేసే దారి కూడా మా ముందుకు వచ్చింది. వేరే ఊళ్లో రికార్డు చేసిన కార్యక్రమాలు ఇక్కడ ప్రసారం చేయడమే మా పని, డబ్బుకు టెన్షన్ ఉండదు. కానీ వాన వచ్చి వంతెన మునిగినప్పుడు ఆ గొంతుకు మన వంతెన సంగతి తెలియదు. వద్దన్నాం.

మా ఆర్జేలలో ఎవరినీ తీసేయడం లేదు. పాత పాటల కబుర్లు చెప్పే గొంతు తెల్లవారుజామున, రాత్రి అదే గొంతుగా ఉంటుంది. పగటికి మాత్రం ఇంకొకరిని తీసుకుంటున్నాం. వార్తలు, వాతావరణం, తప్పిపోయినవాళ్ల ప్రకటనలు, పరీక్షల కబుర్లు ఇప్పుడున్న వేళల్లోనే వస్తాయి.

పగటిపూట తప్ప రేడియో వినడం కుదరనివాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, ఈ మార్పు కష్టంగానే ఉంటుంది. వాళ్లకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. రాత్రి పాత పాటల మూడు గంటల్లో ఒక గంటను మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ వేయాలని అనుకుంటున్నాం. అప్పుడు పగటి పాటల నుంచి ఆ ఒక్క గంట తీసేయాలి. మీలో ఎంతమంది అడుగుతారన్న దాన్ని బట్టి నిర్ణయిస్తాం. ఫోన్ చేయండి, లేదా స్టూడియో బయట పెట్టిన పెట్టెలో చీటీ వేయండి. పేరు రాయక్కర్లేదు, వయసు, మీరు వినే వేళ రాస్తే చాలు.

ప్రకటనదారులకు రెండు మాటలు. ఇప్పటికే డబ్బు కట్టిన స్లాట్లు పాత ధరకే, ఒప్పుకున్న వేళకే నడుస్తాయి. మీ ప్రకటన పాత పాటల శ్రోతల కోసమే అయితే, అదనపు ఖర్చు లేకుండా తెల్లవారుజాముకో రాత్రికో మార్చుకోవచ్చు. ఈ మార్పు నచ్చక ఆపేయాలనుకుంటే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తాం. ఇన్నాళ్లూ "మీ శ్రోతలు పెద్దవాళ్లు" అని తప్పుకున్న వ్యాపారులు ఇప్పుడు పగటి వేళలు ఒకసారి విని చూడండి. కొత్త రేటు కార్డు ఈ నెల ఇరవయ్యో తేదీ నుంచి స్టూడియోలో దొరుకుతుంది.