మిత్తి అంటే ఇంట్రెస్ట్, అసలు అంటే ప్రిన్సిపల్

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల నుండి ప్రతి శనివారం చివరి పీరియడ్‌లో 8, 9, 10 తరగతుల విద్యార్థులకు బ్యాంకు, బీమా, చిట్టీ, పెట్టుబడి కాగితాలలో కనిపించే ఇంగ్లీషు మాటలను నేర్పుతున్నాము. మన ఇళ్లలో చాలా చోట్ల బ్యాంకు నుండి వచ్చిన కాగితాన్ని ముందుగా చదివేది బడికి వెళ్లే పిల్లలే. వారు మాటను తప్పు లేకుండా చదువుతారు కానీ, దానికి ఇంట్లో పలికే మాట ఏదో చెప్పలేకపోతున్నారు.

మొదటి రోజు 'ఇంట్రెస్ట్' అంటే ఆసక్తి అనీ, 'ప్రిన్సిపల్' అంటే బడికి పెద్ద అనీ, 'డిఫాల్ట్' అంటే ఫోనులో ముందే ఉండే సెట్టింగ్ అనీ జవాబులు వచ్చాయి. అవి తప్పులు కావు. అయితే అప్పు కాగితంలో అవే మాటలకు మిత్తి, అసలు, కిస్తీ కట్టకుండా తప్పడం అని అర్థం.

అన్నిటికంటే ఎక్కువ సమయం మిత్తి లెక్కకే ఇచ్చాము. నూటికి 2 రూపాయల మిత్తి అని మన ఊళ్లలో చెప్పేది నెలకు. బ్యాంకు '12 శాతం పర్ యానమ్' అని రాసేది ఏడాదికి. ఈ తేడా తెలియని విద్యార్థి 2 కంటే 12 ఎక్కువ కనుక బయటి అప్పే చవక అనుకుంటాడు. 50,000 రూపాయలకు 2 రూపాయల మిత్తి అంటే ఏడాదికి 12,000. 12 శాతం బ్యాంకు మిత్తి అంటే 6,000 మాత్రమే. అదే విధంగా లక్ష రూపాయలను 12 నెలల కిస్తీలలో తీర్చేటప్పుడు, 12 శాతం 'ఫ్లాట్ రేట్' అయితే చివరిదాకా మొత్తం లక్షపైనే లెక్క కట్టడం వల్ల మిత్తి 12,000 అవుతుంది. 'రెడ్యూసింగ్ బ్యాలెన్స్' అయితే తీరిన అసలుపై మిత్తి పడదు కనుక సుమారు 6,600తో సరిపోతుంది. శాతం ఒకటే అయినా, పక్కనున్న ఒక్క మాట వల్ల ఇంత సొమ్ము తేడా వస్తుంది.

'గ్యారంటర్' అన్న చోట సంతకం పెట్టడమంటే జమానతు ఉండడం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యత ఉంటుందో జమానతుదారుకూ అంతే ఉంటుంది. ఈ ఒక్క మాటను ప్రతి విద్యార్థీ గట్టిగా గుర్తుంచుకోవాలని నా కోరిక.

చిట్టీలు వేసే కుటుంబాలు మన వరంగల్‌లో ఎన్నో ఉన్నాయి కనుక 'డివిడెండ్' మాటను కూడా చేర్చాము. చిట్టీలో అది పాట పాడినవారు వదులుకున్న సొమ్ములో, ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవారు) కమిషన్ పోగా సభ్యులకు వచ్చే వాటా. షేర్లలో అది కంపెనీ తన లాభంలో నుండి పంచే వాటా, పంచకపోవడమూ ఉంటుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల గురించి ప్రస్తుతానికి 'రిస్క్', 'రిటర్న్' అనే రెండు మాటలే చెబుతున్నాము. బ్యాంకు డిపాజిట్‌కు 2020 నుండి ఒక్కో ఖాతాదారుకు ఒక్కో బ్యాంకులో 5 లక్షల రూపాయల వరకు బీమా ఉందనీ, షేరు ధర పడిపోతే ఆదుకునే అటువంటి బీమా లేదనీ వారికి వివరించాము. ఫోనులో 'గ్యారంటీడ్ రిటర్న్' అని షేర్ల గురించి సందేశం వస్తే మీకు చూపించమని కూడా చెప్పాము.

మీరు చేయవలసింది ఒకటుంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి, మిర్చి అమ్మినప్పుడు వచ్చిన తక్‌పట్టీ (అమ్మకం చీటీ) గానీ, బంగారం కుదువ పెట్టిన రసీదు గానీ, బీమా ప్రీమియం నోటీసు గానీ ఇంట్లో ఉంటే, ఖాతా నంబరు, ఆధార్, పాన్ కనిపించకుండా కప్పి జిరాక్సు తీయించి శనివారం పంపండి. ఆ కాగితంలోని ఐదు మాటలను పిల్లలు ఆదివారం మీకు మన మాటల్లో వివరిస్తారు. వారికి అర్థం కాని చోట మీకు తెలిసిన మాటను నోటు పుస్తకంలో రాయించి సోమవారం పంపితే, దానిని తరగతిలో అందరికీ చదివి వినిపిస్తాము.

భవదీయుడు,
ప్రధానోపాధ్యాయుడు