ఇళయరాజా ఆల్బమ్‌ల జాబితా తొలగింపు, ఫిర్యాదుపై మీ సంస్థ మౌనం గురించి

చెన్నై,
వడపళని.

ఫిర్యాదుల విచారణాధికారి గారికి,

విషయం: నా ఖాతాలోని జాబితా మాయమవడం గురించి చేసిన ఫిర్యాదును విచారించకుండానే మూసివేయడం.

ఆర్యా,

మీ సంగీత యాప్‌లో, కొత్తగా వినేవాళ్లు ఏవి, ఏ వరుసలో వినాలో తేల్చి నేను ఏళ్ల తరబడి ఓపికగా కూర్చుకున్న ఇళయరాజా గారి ఆల్బమ్‌ల జాబితా, ఒక్కో ఆల్బమ్ కింద నేను రాసుకున్న వివరాలతో సహా, మీరు ఇటీవల చేసిన మార్పుల తరువాత కనిపించకుండా పోయింది. యంత్రమన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు. నష్టపోయానని చెప్పుకోవడానికి వచ్చిన చందాదారును ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి తిప్పి, చివరికి ఏమీ చేయకుండానే "సమస్య పరిష్కారమైనది" అని మీ లెక్కల్లో మీరే రాసుకున్నారు చూడండి, దాన్ని మాత్రం నేను సహించలేకపోతున్నాను.

ఆ జాబితా ఎందుకు అవసరమైందో ముందు చెప్పాలి, ఎందుకంటే మీ సిబ్బందిలో ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదు. 1976లో ‘అన్నక్కిళి’తో మొదలుపెట్టిన ఇళయరాజా గారు వెయ్యికి పైగా చిత్రాలకు సంగీతం కూర్చారు. మీ యాప్‌లో ఆయన పేరు వెతికితే నాలుగైదు భాషల ఆల్బమ్‌లు వరసా క్రమమూ లేకుండా వచ్చి పడతాయి. చెన్నైలోనే పుట్టి, తెలుగు వినడమే తప్ప చదవడం రాని మా పిల్లల చిక్కు మరీ పెద్దది. ‘సలంగై ఒలి’ అంటే వాళ్లకు తెలుసు. అది మన ‘సాగర సంగమం’ (1983) అనువాదమని, ఇళయరాజా గారికి జాతీయ పురస్కారం తెచ్చింది ఆ తెలుగు చిత్రమేనని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ‘గీతాంజలి’ (1989) ఇక్కడ ‘ఇదయత్తై తిరుడాతే’గా, ‘అన్వేషణ’ (1985) ‘పాడుం పరవైగళ్’గా వినిపిస్తాయి. ఇలాంటి చోట్ల మూలాన్నే వినమని రాశాను. ‘రుద్రవీణ’, ‘ఉన్నాల్ ముడియుం తంబి’ సంగతి వేరు. ఆ రెండూ 1988లో రెండు భాషల్లో విడివిడిగా తీసిన చిత్రాలు కాబట్టి, బాణీలు చాలావరకు ఒకటే అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి వినవలసిందేనని నిర్ణయించి, ఆ కారణం కూడా అక్కడే రాసిపెట్టాను.

ఒక ఆల్బమ్ ఆ జాబితాలోకి రావాలంటే అందులో దాటవేయాలనిపించే పాట ఒక్కటి కూడా ఉండకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఒక్క పాట ఎంత గొప్పదైనా దాని కోసం మిగతావాటిని భరించమని కొత్తగా వినేవాళ్లకు చెప్పడం న్యాయం కాదు. సినిమా ఆడిందా లేదా అన్నది నేను లెక్కలోకి తీసుకోలేదు, అందుకే ‘ప్రేమించు పెళ్ళాడు’, ‘మహర్షి’ పై వరుసలోనే ఉండేవి. త్యాగరాజస్వామికీ, పాశ్చాత్య స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చిన, సినిమాతో సంబంధం లేని వాద్య సంగీత ఆల్బమ్ ‘హౌ టు నేమ్ ఇట్’ (1986)ను సినిమా పాటలు బాగా అలవాటయ్యాకే వినమని, హరిప్రసాద్ చౌరాసియా గారి వేణువు ఉన్న ‘నథింగ్ బట్ విండ్’ (1988)ను దానికంటే ముందే వినవచ్చని రాశాను. ‘ఆదిత్య 369’ ఏ వరుసలో ఉండాలన్నదానిపై ఆదివారాలు మా ఇంట్లో చేరే మిత్రులు గట్టిగా వాదించుకున్నారు. ఇంత ఆలోచన, ఇంత వినికిడి, ఇంత మాటామంతీ ఉన్న పనిని మీ సంస్థ ఒక్క పూటలో తుడిచిపెట్టేసింది.

ఇక నన్ను తిప్పిన తీరు చెబుతాను. మొదట మీ యాప్‌లోని చాట్‌లో రాస్తే, మీ ఇంటర్నెట్ సరిగ్గా ఉందో లేదో చూసుకోమని సమాధానం వచ్చింది. ఇంటర్నెట్ బాగానే ఉంది, పాటలన్నీ వినిపిస్తున్నాయి, పోయింది జాబితా మాత్రమేనని రాశాక, యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. దానితో జాబితా రాకపోగా ఫోన్‌లో దాచుకున్న పాటలు కూడా పోయాయి. ఆ మాట చెప్పినప్పుడు అవతల ఉన్న వ్యక్తి, మీకు నచ్చే పాటలను మా యాప్ కొత్తగా ఎంపిక చేసి ఇస్తుంది, అవి వినండి అని సలహా ఇచ్చారు. ఆ ఎంపికను తెరిచి చూస్తే ఒకే బాణీ ముందు తెలుగులోనూ, వెంటనే తమిళంలోనూ వచ్చింది, ఆ తరువాత వచ్చిన పాట అసలు ఇళయరాజా గారిదే కాదు. దీనికోసమా నేను ఏటా డబ్బు కడుతున్నది?

ఫోన్ చేస్తే తమిళానికి ఒక అంకె, ఇంగ్లీషుకు ఒక అంకె, హిందీకి ఒక అంకె చెప్పారు. తెలుగు పాటలు అమ్ముకుంటున్న సంస్థకు తెలుగులో మాట్లాడే మనిషి లేరు. తమిళంలోనే మాట్లాడాను, ఈ ఊళ్లో ఉన్నదాన్ని కాబట్టి నాకది కష్టం కాదు. ఫోన్ ఎత్తిన అబ్బాయి, ఆ ఆల్బమ్ పేరు ఒక్కటి చెప్పండి, వెతికి పెడతాను అన్నాడు. పోయింది ఒక ఆల్బమ్ కాదు, ఏవి వినాలో తేల్చుకున్న మొత్తం వరుస అని వివరించి చెప్పాను. మళ్లీ అదే మాట, అక్షరం మారకుండా. అతడి పక్క సీట్లో ఇంకొకరు ఇంకెవరికో అదే వాక్యాన్ని చదువుతున్నది నాకు ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ల చేతిలో ఆ కాగితం తప్ప మరేమీ పెట్టని మీ యాజమాన్యం మీదే నా కోపం.

పై అధికారి ఫోన్ చేస్తారన్నారు, ఎవరూ చేయలేదు. దానికి బదులు, మీ ఫిర్యాదు పరిష్కారమైనది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని సందేశం వచ్చింది. మళ్లీ ఫిర్యాదు చేస్తే కొత్త నంబరు ఇచ్చారు, పాత నంబరు కింద నేను చెప్పిందేదీ తమకు కనిపించదన్నారు, కథంతా మొదటి నుంచి చెప్పించుకున్నారు. ఇలా చెప్పిందే చెప్పి విసిగిపోయి గిండీలోని మీ కార్యాలయానికి స్వయంగా వెళ్లాను. గేటు దగ్గర రిజిస్టరులో "ఎవరిని కలవాలి" అన్న గడి నింపితేనే లోపలికి పంపుతామన్నారు. మీ సంస్థ ఏ ఒక్క అధికారి పేరూ బయటపెట్టనప్పుడు నేను ఆ గడిలో ఏమని రాయాలి? చాలాసేపు నిలబడ్డాక రిసెప్షన్ నుంచి ఒకావిడ బయటికి వచ్చి ఒక చిన్న చీటీ ఇచ్చి వెళ్లారు. అందులో నేను అప్పటికే ఎన్నోసార్లు రాసి, జవాబు రాని ఈమెయిల్ చిరునామానే ఉంది.

పాటలు ఉచితంగా దొరికే దారులు నాకు తెలియక కాదు, డబ్బు కట్టి వినడమే సంగీతకారులకు గౌరవమని నమ్మి మీ దగ్గర చందాదారుగా ఉన్నాను. నా మాట విని మా ఆదివారం మిత్రులందరూ చేరారు, మా బంధువులు చేరారు. 2020 సెప్టెంబరు 25న బాలు గారు ఈ ఊళ్లోనే కన్నుమూసినప్పుడు, లాక్‌డౌన్ రోజుల్లో ఒకరింటికి ఒకరు వెళ్లలేక, మేమంతా ఎవరిళ్లలో వాళ్లం ఆ జాబితా వరుసలోనే పాటలు పెట్టుకుని విన్నాం. అలాంటి దాని గురించి అడిగితే మీ వాళ్లు నన్ను నక్షత్రాలు ఇమ్మన్నారు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరును, ఆయనను సంప్రదించే మార్గాన్ని మీరు అందరికీ కనిపించేలా ఉంచాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు వీటిలో ఏదీ చేయలేదు. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో దీన్ని నమోదు చేయించబోతున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి, అవసరమైతే చెన్నై జిల్లా కమిషన్ మెట్లెక్కుతాను. మీ చాట్ సంభాషణలు, మూసేసిన ఫిర్యాదుల నంబర్లు, గిండీలో ఇచ్చిన ఆ చీటీ అన్నీ భద్రంగా దాచిపెట్టాను. మా మిత్రబృందంలో ఒక్కరు కూడా వచ్చే ఏడాది చందా కట్టరు, ఈ సంగతి పత్రికలకు కూడా రాస్తాను.

జాబితాను నేను రాసిన వివరాలతో సహా, అదే వరుసలో తిరిగి ఇవ్వండి. యాప్‌లో పెట్టడం సాధ్యం కాకపోతే మీ దగ్గరున్న నకలును కాగితం మీద అచ్చువేసి పంపినా తీసుకుంటాను. అదీ సాధ్యం కాకపోతే ఎందుకు కాదో ఒక బాధ్యత గల అధికారి తన పేరు రాసి, సంతకం పెట్టి తెలుగులో నాకు చెప్పాలి. ఈసారి వచ్చే జవాబులో ఒక నంబరు ఉండాలి, దానికి ఫోన్ చేస్తే ఆ అధికారే ఎత్తాలి.

నా చిరునామా, ఫోన్ నంబరు, చందా కట్టిన రసీదులు మీ దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
మీ చందాదారు