మా వంటింట్లో ఆగిపోయిన మీ గిన్నెలు

అందరికీ వందనాలు.

ఇవాళ డిసెంబరు 28. మా వంటింటి గట్టు మీద పదకొండు గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. అందులో మావి రెండే. మిగతా తొమ్మిదీ ఈ మూడు వారాల్లో మీ ఇళ్ళ నుంచి ఏదో ఒకటి నింపుకుని వచ్చి ఇక్కడే ఆగిపోయినవి. స్టీలు డబ్బాలు, ఒక హాట్‌బాక్స్, మూడు గిన్నెల క్యారియరు, చెవులున్న ఇత్తడి బేసిను ఒకటి. ఎవరివి ఎవరికి చేర్చాలో చూద్దామని ఒక్కోదాన్నీ తిరగేసి, అడుగున చుక్కలతో చెక్కించిన పేర్లు చదువుతూ కూర్చున్నాను. చదువుతుంటే ఈ నెలంతా మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. గిన్నెలు తిరిగి ఇచ్చేలోపు ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

మా సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా ఆవిడ కువైట్‌లో నర్సు. నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. ఇద్దరాడపిల్లలు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి ఇంకా నాలుగు నిండలేదు. ఇన్నాళ్ళూ ఇల్లు నడిపింది మా అమ్మ. డిసెంబరు 6న దొడ్లో తడి గచ్చు మీద జారిపడి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. మా అక్క వచ్చి అమ్మను చీరాల తీసుకెళ్ళింది. పిల్లల్నీ పంపమంది. బళ్ళో పరీక్షలు, మా గుళ్ళో, అంటే చర్చిలో, క్రిస్మస్ నాటకం, ఇవన్నీ ఉన్నాయి, పంపలేదు. "నేను చూసుకుంటాలే" అన్నాను. అక్కతో అన్నాను, పాస్టరు అయ్యగారితో అన్నాను, కువైట్‌కి ఫోన్‌లోనూ అన్నాను. అన్నప్పుడు నిజంగానే చూసుకోగలననుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకే సంగతి అర్థమైంది. జడలు.

యార్డులో పనిచేసేవాళ్ళ చేతుల సంగతి యార్డువాళ్ళకే తెలుస్తుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించేటప్పుడు, కాయ నలిపి నాణ్యం చూసేటప్పుడు ఆ ఘాటు చర్మంలోకి దిగిపోతుంది. మామూలు సబ్బుతో ఎంత రుద్దినా పోదు. ముందు కొబ్బరినూనె పట్టించి, తర్వాత సబ్బుతో కడిగితే కొంత వదులుతుంది. ఈ కిటుకు నాకు పదేళ్ళుగా తెలుసు. ఆ రోజు హడావుడిలో గుర్తు రాలేదు. చిన్నదానికి పాపిడి తీస్తుంటే అది తల తిప్పింది, నా వేలు దాని కంటికి తగిలింది. ఆ ఏడుపుకి పక్కింటి మామ్మగారు ముగ్గుగిన్నె చేత్తో పట్టుకునే వచ్చేశారు. కళ్ళు చన్నీళ్ళతో కడిగించి, ఇద్దరికీ రెండేసి జడలు వేసి, రిబ్బన్లు కట్టి, "రేపట్నుంచి దువ్వెనా రిబ్బన్లూ ఇచ్చి మా గడపలోకి తోలెయ్ నాయనా, నీ చేతులు కాయలకే బావుంటాయి" అన్నారు. ఆ మాటకి ఇప్పటికీ నవ్వొస్తుంది.

డిసెంబరు 16 నుంచి ధనుర్మాసం కదా. వాళ్ళింట్లో నాలుగున్నరకే దీపం వెలుగుతుంది. మావాళ్ళు జడలకని వెళ్ళేసరికి మిరియాలూ జీడిపప్పూ వేసిన పొంగలి సిద్ధంగా ఉండేది. "జడ ఊరికే వేస్తారా, తింటేనే వేస్తాను" అని షరతు. చెవుల బేసిను మామ్మగారిదే. రాత్రిళ్ళు క్యారల్స్ పార్టీల డోలక్, తెల్లవారుజామున కోవెల మైకులో తిరుప్పావై, మధ్యలో మా పిల్లలు మామ్మగారి ముగ్గులో నక్షత్రానికి తోక గీయడం. వాళ్ళ గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు పెట్టే ఉద్యోగం కూడా చిన్నది సంపాదించింది. మామ్మగారూ, ఆ బేసినులో గుడ్డు వెయ్యని కేకు పెట్టి పంపుతున్నాను. బేకరీవాడిని రెండుసార్లు అడిగి, తయారుచేసే చోటు చూసి మరీ కొన్నాను. మొహమాటపడకుండా తినండి.

ఇంటి మీద కట్టే క్రిస్మస్ నక్షత్రం సంగతి పెద్దగా లేదు. పట్నంబజారులో కొన్నాను, కట్టడానికి టైము దొరకలేదు, వారం రోజులు అట్టపెట్టెలోనే పడుంది. మా పేటకు క్యారల్స్‌కి వచ్చిన కుర్రాళ్ళు రాత్రి ఒంటిగంటన్నరకు పాట పాడి, కానుక తీసుకుని, "అంకుల్, మీ ఒక్క ఇంటికే నక్షత్రం లేదు" అని పెట్టె విప్పి వాళ్ళే డాబా మీద కట్టేశారు. టీ ఇవ్వబోతే పాలు లేవు. వాళ్ళకి టీ బాకీ ఉన్నాను.

పిండివంటల దగ్గర మాత్రం నాకు బాగా బుద్ధొచ్చింది. క్రిస్మస్‌కి ఇంట్లో అరిసెలు లేకపోతే పిల్లలు ఊరుకోరు. మొదట్నుంచీ మా అమ్మ చేసేది, నేను చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తేవాడిని. ఒత్తడం వచ్చుగనక చెయ్యడమూ వచ్చుననుకున్నాను. బియ్యం నానబెట్టి, తడిపిండి పట్టించి, బెల్లం పాకం పెట్టి, చీరాలకు వీడియో కాల్ చేశాను. అమ్మ కట్టుచెయ్యి ఊపుతూ, "నీళ్ళలో చుక్క వెయ్యి, ఉండ కట్టిందా చూడు" అంటోంది. కట్టినట్టే అనిపించింది. లేతపాకం అని నూనెలో వేశాక తెలిసింది. మొదటి అరిసె మూకుట్లో విచ్చుకుని నురగైపోయింది. రెండోదీ అంతే. పెద్దది ప్లేటు పట్టుకుని ఎంతో మర్యాదగా, "నాన్నా, ఇది పాయసం అనుకుందామా?" అంది.

ఈ కథంతా బయటికెలా పొక్కిందో తెలియదు, బహుశా మా అమ్మే ఫోన్లు చేసుంటుంది. మర్నాడు సాయంత్రం నేను యార్డు నుంచి వచ్చేసరికి మా వరండాలో గుడి స్త్రీల సమాజం అమ్మగార్లు నలుగురు, వాళ్ళతో పై వాటా వదిన, రెండు పొయ్యిలు, ఒక పెద్ద మూకుడు. పాడైన పిండిలో ఇంకొంచెం తడిపిండి కలిపి, దాన్నే దారికి తెచ్చారు. నన్ను మళ్ళీ నా పాత ఉద్యోగంలో, చెక్కల దగ్గర, కూర్చోబెట్టారు. గవ్వలు పిల్లల చేత ఒత్తించారు. చిన్నది ఒత్తినవి గవ్వల్లా లేవు, రాళ్ళలా ఉన్నాయి. అవీ వేయించారు.

నాటకంలో పెద్దది దేవదూత, చిన్నది గొర్రెపిల్ల. దూతకు తెల్లగౌను ఉంది. గొర్రెపిల్లకేం చెయ్యాలి? పాత స్వెట్టరు మీద ఫెవికాల్ రాసి దూది అంటించాను. ఆరాక దాన్ని తొడగబోతే అట్టలా బిగుసుకుపోయింది, చేతులు దూరలేదు. లోపలంతా గరగర. అది వేసుకోనని చిన్నది నేలమీద పడి దొర్లింది. ఆ స్వెట్టరు సంచిలో వేసుకుని వీధి మొదట్లో టైలరు భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టి, "పాపను తీసుకురండి" అన్నారు. రెండు రోజుల్లో తెల్లటి మెత్తటి టవల్ గుడ్డతో టోపీ, చెవులు, తోకతో సహా కుట్టిచ్చారు. లోపల పాత నూలుచీర లైనింగు, పిల్లకి గరుకు తగలకుండా. డబ్బులు తీయబోతే, "రంజాన్‌కి మా ఇంటి నుంచి షీర్ ఖుర్మా వస్తే దానికీ డబ్బులిస్తారా?" అని అడిగారు. జవాబు లేదు నా దగ్గర. ఆ డ్రెస్సు విప్పనని మూడు రాత్రులు అందులోనే పడుకుంది మా గొర్రెపిల్ల.

ఇక 19వ తేదీ రాత్రి.

చిన్నదానికి సాయంత్రం నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరం సిరప్ పట్టి పడుకోబెట్టాను. పదకొండున్నరకు డ్యూటీ దిగి మా ఆవిడ వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడు తొమ్మిది. పిల్ల ముఖం చూపిస్తున్నాను, చూపిస్తుండగానే దాని కళ్ళు తేలిపోయాయి, ఒళ్ళు బిగుసుకుని కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. నేను పెట్టిన కేకకు పై వాటా అన్నయ్యా వదినా పరుగెత్తుకొచ్చారు. చేతిలో తాళాలు పెట్టాలని ఒకరు, నోట్లో చెంచా పెట్టాలని ఒకరు. నేనూ తాళాల కోసమే తడుముకుంటున్నాను, కాబట్టి వదినా, నిన్ను తప్పు పట్టడం లేదు.

మంచం మీద పడిపోయిన ఫోన్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. ఇంట్లో మాట్లాడే గొంతు కాదది, వార్డులో మాట్లాడే గొంతు. "చేతిలో ఏమీ పెట్టొద్దు. నోట్లో ఏమీ పెట్టొద్దు. గట్టిగా పట్టుకోవద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఎవరైనా గడియారం చూడండి." పెద్దది వెళ్ళి గోడ గడియారం కింద నిలబడింది. "ఒక నిమిషం అయింది అమ్మా" అని చెప్పింది. "రెండు అయింది" అని చెప్పింది. మూడు చెప్పకముందే ఆగిపోయింది. దాని గొంతు వణకలేదు. నాకే వణికింది.

ఆటో తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావో లేదో, నీకు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు. నిద్రలోంచి లేచి లుంగీ మీదే ఆటో తీశావు. మొదట వెళ్ళినచోట పిల్లల డాక్టరు లేరన్నారు, రేపు రమ్మన్నారు. ఆ పేరెందుకులే. నేనక్కడ గొడవకు దిగబోతుంటే నువ్వే నా చెయ్యి పట్టుకుని లాగి, "అన్నా, గొడవ రేపు పెట్టుకుందాం, ముందు పాప" అని రెండో చోటికి తీసుకెళ్ళావు. తెల్లారేదాకా బయటే ఆటోలో పడుకున్నావు.

అక్కడికి ఒంటిగంటకు మా ఆవిడ క్లాస్‌మేటు అక్క ఫ్లాస్కుతో వచ్చింది. ఈ అక్కా, మా ఆవిడా కలిసి కుగ్లర్ ఆస్పత్రిలో నర్సింగ్ నేర్చుకున్నారు. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అనే ఆవిడ, మగ డాక్టరుకు చూపించుకోని ఆడవాళ్ళ కోసం మొదలుపెట్టి, 1898కి ఆస్పత్రిగా నిలబెట్టిందది. మా మామ్మ పుట్టింది కూడా అక్కడే. కువైట్ నుంచి ఫోన్ చేసింది మా ఆవిడ, పక్కమీద నుంచి లేచి వచ్చింది అక్క. ఆ రాత్రి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాగితాలూ మందులూ అన్నీ తనే చూసుకుంది.

డాక్టరుగారు చెప్పింది ఇక్కడ రాస్తాను, చంటిపిల్లలున్నవాళ్ళకు పనికొస్తుంది. దీన్ని జ్వరం ఫిట్స్ అంటారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో జ్వరం వచ్చినప్పుడు కొందరికి వస్తుంది. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ ఎక్కువగా కొద్ది నిమిషాల్లో ఆగిపోతుంది, మూర్ఛరోగం వేరు, ఇది వేరు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకూడదు. మొదటిసారి వస్తే ఆగిపోయినా సరే డాక్టరుకు చూపించాలి. ఇనప తాళాలతో ఏమీ పని లేదు.

రెండు రోజులు ఉంచి పంపించేశారు. ఆ రెండు రోజులూ పెద్దది ఎక్కడ తిందో, ఎక్కడ పడుకుందో నాకు తెలియను కూడా తెలియదు. ఇంటికొచ్చాక గిన్నెలను బట్టి లెక్క కట్టాను. క్యారియరు అయ్యగారింటిది, హాట్‌బాక్స్ పై వాటాది, పొడుగు డబ్బా సండే స్కూల్ అక్కది.

ఆ అక్క గురించి ఒక మాట. 24 రాత్రి నాటకం. దూత వచ్చి గొర్రెల కాపరులతో "భయపడకుడి" అనాలి, తర్వాత ఇంకో మూడు వాక్యాలు. మావాళ్ళ దూత మొదటి మాట గుడి అదిరేలా చెప్పింది. అంతే, మిగతాది మర్చిపోయింది. తెర వెనక గొంతుక్కూర్చున్న అక్క మెల్లగా అందిస్తోంది. అక్క మెడలో కాలరు మైకు ఉందని అక్కకే గుర్తు లేదు. దాంతో సువార్త మొత్తం స్పీకర్లలోంచి గుసగుసగా వచ్చింది, వెనక దూత పెదాలు కదిపింది. అయ్యగారు నవ్వు ఆపుకోలేక చేతిరుమాలు అడ్డుపెట్టుకున్నారు. అదే టైముకు జ్వరం తగ్గి నీరసంగా ఉన్న మా గొర్రెపిల్ల పశువుల పాకలో గడ్డి మీద నిద్రపోయింది. కాపరి వేషం కుర్రాడు దాన్ని భుజాన వేసుకుని వచ్చి నాకు అప్పగించాడు. నాటకంలో అది లేదు గానీ, చూసినవాళ్ళంతా ఉందనే అనుకున్నారు.

ఇదంతా కువైట్‌లో తొమ్మిదిన్నరకు ఫోన్లో చూసింది మా ఆవిడ. అక్కడ క్రిస్మస్‌కి సెలవు లేదు, పొద్దున్నే డ్యూటీ. తెలుగువాళ్ళ ప్రార్థన శుక్రవారమే. ఆవిడ మీ అందరికీ వందనాలు చెప్పమంది. ముఖ్యంగా మామ్మగారికి. జడలు తను వేసినదానికన్నా బిగువుగా ఉన్నాయట, అందుకు కొంచెం ఉడుక్కుంది కూడా.

రేపు పొద్దున్నుంచి పిల్లలూ నేనూ గిన్నెలు పంచడానికి బయల్దేరుతున్నాం. వచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ చీరాల నుంచి రోజూ గుర్తు చేస్తోంది. కేకు ముక్కలు, గవ్వలు పెట్టాం. గట్టిగా ఉన్న గవ్వలు వస్తే అవి చిన్నదానివి, పళ్ళు జాగ్రత్త.

ఎనిమిది గిన్నెలకు ఇళ్ళు దొరికాయి. ఒక్కటి మిగిలింది. చిన్న స్టీలు డబ్బా, మూత మీద సొట్ట, అడుగున పేరు అరిగిపోయి చివర "మ్మ" ఒక్కటే కనిపిస్తోంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు పొద్దున మా గుమ్మంలో వేడివేడి ఇడ్లీలతో, మూతకు రబ్బరుబ్యాండు వేసి ఉంది. వీధిలో అందర్నీ అడిగాను, మాది కాదంటే మాది కాదన్నారు. ఎవరిదైతే వాళ్ళు ఒక్కసారి మా ఇంటికి రండి. అందులో మా అమ్మ చేత్తో చేసిన అరిసెలు పెట్టిస్తాను. కట్టు విప్పడానికి ఇంకో మూడు వారాలుంది. అప్పటిదాకా డబ్బా మా దగ్గరే ఉంటుంది.